ఊ కొట్టేదెవరు?

మొన్నో పుస్తకావిష్కరణ సభకి వెళ్లాను. మొదటి వక్త లేచి, వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ బిరుదులతో సహా చదవడం ముగించేసరికి పది నిమిషాలైంది. "సమయాభావం వల్ల క్లుప్తంగా ముగిస్తాను" అని ఆపైన మరో ముప్పావుగంట మాట్లాడారు. నా పక్కనున్నావిడ సంచీలోంచి మల్లెమొగ్గలు తీసి మాల కట్టుకుంటూ కూర్చుంది. సభ అయ్యేసరికి రెండు మూరల దండ తయారు. ఆ సాయంత్రం అక్కడ జరిగిన పని అదొక్కటే!

నవ్వుతున్నాను గానీ, నేనూ ఆ తానులో గుడ్డనే. మొదటిసారి ఓ కాలేజీవాళ్లు పిలిస్తే ఎనిమిది పేజీల ఉపన్యాసం రాసుకుపోయి, తలెత్తకుండా చదివాను. మూడో పేజీకి బెంచీలు కిర్రుమన్నాయి, అయిదో పేజీకి గుసగుసలు. చివర్న చప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా మోగాయి. ఎందుకో వేరే చెప్పాలా?

ఇంటికొస్తే మా అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ, "ఏం చెప్పావమ్మా అక్కడ?" అన్నారు. చెప్పాను. "ఊ" అన్నారు. ఇంకాస్త చెప్పాను. "అదేవిటీ, అలా ఎందుకూ?" అన్నారు. కాగితంలో లేని ఉదాహరణ ఒకటి ఎక్కణ్ణించో దొరికింది. పది నిమిషాల్లో ఎనిమిది పేజీల సారమూ అయిపోయింది. ఆవిడకి అర్థమైంది. నిజం చెప్పొద్దూ, నాకూ అప్పుడే అర్థమైంది.

ఉపన్యాసకళ నేర్పే పుస్తకాలు ఎలా నిలబడాలో, చేతులెక్కడ పెట్టుకోవాలో చెబుతాయి. అవీ కావాలి, కాదనను. కానీ ఈ "ఊ" సంగతి మన బుర్రకథవాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదేమో! కథకుడు తంబురా మీటుతూ నడుమ నిలబడతాడు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. నాకు తోచినంతలో వాళ్లు వట్టి వంతపాటగాళ్లు కారు. వినేవాళ్లలోంచి వేదికెక్కిన మన మనుషులు. మనకి అర్థంకాని చోట వాళ్లడుగుతారు, మనకి విసుగొచ్చే చోట నవ్విస్తారు. నాజర్‌గారు (1920–1997) పల్నాటి యుద్ధం చెబితే జనం కదలకుండా విన్నారంటే, ఆయన గొంతుతో పాటు ఈ అమరిక గొప్పతనం కూడా ఉంది. అన్నట్టు, ఇది మగవాళ్ల సొత్తేం కాదు. 1940ల్లోనే ప్రజానాట్యమండలిలో మోటూరి ఉదయంగారు స్త్రీల దళంతో బుర్రకథ చెప్పారు. ఆడవాళ్లు నలుగురిలో గొంతెత్తితే నోరు నొక్కుకునే రోజులవి. మనమేమో ఇప్పటికీ మైకు చూస్తే చెమటలు కక్కుతున్నాం!

మరి హరికథలో దాసుగారు ఒక్కరే కదా అంటారేమో. నిజమే. ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) బాణీలో హరిదాసే అన్నీ. పాడతాడు, ఆడతాడు, మాట్లాడతాడు. జనం మొహాలు వాడుతున్నాయనిపిస్తే కథ పక్కనపెట్టి పిట్టకథలోకి దిగుతాడు. మధ్య మధ్య అందరిచేతా "గోవిందా" అనిపిస్తాడు. భక్తి సరే, ఎంతమంది మెలకువగా ఉన్నారో లెక్క కూడా తేలిపోతుంది!

వచ్చే నెల ఓ మహిళామండలివాళ్లు రమ్మన్నారు. ఈసారి నాలుగు మాటలే రాసుకుని, ముందుగా అత్తయ్యగారి దగ్గర కూర్చున్నాను. రెండోదానికే ఆవిడ, "అది తీసెయ్యమ్మా, నిద్దరొస్తోంది" అన్నారు.

తీసేశాను.