మంచుకు గుత్త ధర

అమెరికాలోని మినియాపొలిస్‌లో 2022-23 చలికాలంలో 90 అంగుళాల మంచు పడింది. అంటే ఏడున్నర అడుగులు. ఆ ఊరి రికార్డుల్లో అది మూడో స్థానం. మరుసటి చలికాలం మొత్తం కలిపినా 30 అంగుళాలు నిండలేదు. ఇళ్ళ ముందు మంచు తీసి బతికేవాళ్ళు మాత్రం ఆ రెండు చలికాలాలకూ ధర అక్టోబరులోనే చెప్పేశారు. ఆకాశంలో ఏముందో ఎవరికీ తెలియని నెల అది.

వీళ్ళలో చాలామంది ఎండాకాలంలో గడ్డి కోస్తారు, తోటపని చేస్తారు, ఇటుకలూ రాళ్ళూ పరుస్తారు. నవంబరు వచ్చేసరికి పికప్ ట్రక్కు ముక్కుకి ఎనిమిదడుగుల బ్లేడు తగిలిస్తారు. బాస్, వెస్టర్న్, ఫిషర్, మేయర్ లాంటి పేర్లు ఆ బ్లేళ్ళ మీద కనిపిస్తాయి. కొత్త బ్లేడు కొనాలంటే వేల డాలర్లు. అది కాక దాన్ని మోయగల ట్రక్కు, ఏటేటా అరిగిపోయే బ్లేడు అంచు, ముందుకూ వెనక్కూ మార్చి మార్చి అలిసిపోయే గేర్‌బాక్సు, ఇన్సూరెన్సు. గడ్డి కోతకు తీసుకున్న ఇన్సూరెన్సు మంచు పనికి చాలాసార్లు వర్తించదు. ఆ సంగతి ఎవరో జారిపడ్డాక బయటపడితే సీజను సంపాదనంతా లాయర్లకే పోతుంది.

చూసేవాళ్ళకు పని సులువుగానే ఉంటుంది. ట్రక్కు వస్తుంది, ముందుకూ వెనక్కూ రెండు మూడు సార్లు కదులుతుంది, వెళ్ళిపోతుంది. పది నిమిషాలు కూడా పట్టదు. కిటికీలోంచి చూస్తున్న ఇంటాయనకు 'దీనికి నలభై డాలర్లా?' అనిపించడం సహజం. ఆయన చూసిన పది నిమిషాల్లో ఏం జరిగిందో లెక్క వేస్తే కథ వేరు. డ్రైవ్‌వే అంటే ఇంటి ముందు కారు వచ్చే దారి. ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉంటే అది 800 చదరపు అడుగులు. దాని మీద ఆరంగుళాల మామూలు మంచు పడితే బరువు టన్ను దాటుతుంది. పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీరవుతుందన్నది సాధారణ లెక్క. అదే మార్చిలో పడే తడి మంచయితే అయిదంగుళాలకే అంగుళం నీరు. అప్పుడు అదే ఆరంగుళాలు రెండు టన్నులు దాటుతాయి. పార పట్టుకున్నవాడి నడుముకు ఆ తేడా మొదటి అయిదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. 1990 నుంచి 2006 వరకు అమెరికాలో మంచు ఎత్తుతూ గుండె సమస్యతో 1,647 మంది చనిపోయారని ఒక వైద్య అధ్యయనం లెక్క తేల్చింది. అరవై దాటినవాళ్ళు మంచు తీసే ఈ ప్లౌ వాళ్ళకు ఫోన్ చేసేది బద్ధకంతో కాదు.

గరాజ్ తలుపు దగ్గర మరో చిక్కు. మంచును తలుపు వైపు తోయలేరు కాబట్టి ట్రక్కు లోపలికంటా వెళ్ళి, బ్లేడు దించి, వెనక్కి లాక్కుంటూ రావాలి. లాగిన మంచును వీధికి అడ్డంగా అవతలికి నెట్టడానికి వీల్లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో అది ట్రాఫిక్ చట్టాన్ని మీరడమే. పక్కనున్న గడ్డి మీదకే చేర్చాలి, గడ్డిని పెళ్ళగించకుండా. అందుకే మంచు పడకముందే డ్రైవ్‌వే అంచుల్లో నారింజ రంగు పుల్లలు పాతుతారు.

ఇంతకీ ధర ఎలా కడతారు? కొత్తగా ట్రక్కు కొన్నవాడు పక్కవాడి రేటు కనుక్కుని అయిదు డాలర్లు తగ్గిస్తాడు. రెండు చలికాలాల్లో ట్రక్కు అమ్ముకుంటాడు. అనుభవం ఉన్నవాడు మంచుకు ధర కట్టడు, గంటకు కడతాడు. ఇంధనం, ఇన్సూరెన్సు, అరుగుదల, తన కూలి అన్నీ కలిపి ట్రక్కు రోడ్డు మీద ఉన్న ప్రతి గంటా 120 డాలర్లు తేవాలని అనుకుందాం. డ్రైవ్‌వే మీద ఎనిమిది నిమిషాలు, పక్క ఇంటికి చేరడానికి రెండు నిమిషాలు పడితే గంటకు ఆరు ఇళ్ళు, ఇంటికి 20 డాలర్లు. అదే ఇల్లు ఊరవతల ఉండి, చేరడానికి ఇరవై రెండు నిమిషాలు పడితే గంటకు రెండే ఇళ్ళు, ఇంటికి 60. డ్రైవ్‌వే అదే, మంచు అదే, ధర మాత్రం మూడింతలు. డ్రైవ్‌వే పొడవు కొలిచి రేటు చెప్పేవాళ్ళు ఈ లెక్క సగమే చూస్తున్నారు.

దీనికి తోడు గడియారం. మంచు రాత్రి ఆగిందంటే ప్లౌ ట్రక్కులు తెల్లవారుజామున రెండింటికే బయలుదేరతాయి. ఏడు గంటలకల్లా అందరి కార్లూ బయటికి రావాలి. మధ్యలో ఉన్నవి అయిదు గంటలే. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉంటే ముప్పై అవుతాయి, చెదిరి ఉంటే పది. ఆ రోజు ఇంకో యాభై మంది ఫోన్ చేసి రెట్టింపు ఇస్తామన్నా ఆ గంటలు పెరగవు. కాబట్టి నడుస్తున్న దారిలోనే ఉన్న కొత్త ఇల్లు తక్కువ ధరకు వచ్చినా లాభమే, దారి తప్పించే ఇల్లు ఎక్కువ ధరకు వచ్చినా నష్టమే.

ధర చెప్పే పద్ధతులు ముఖ్యంగా రెండు. వచ్చినప్పుడల్లా ఇంత అనేది ఒకటి. దాన్ని 'పర్ పుష్' అంటారు. సీజను మొత్తానికి కలిపి ఇంత అనేది రెండోది. మధ్యలో అంగుళాల లెక్క కూడా ఉంది: రెండు నుంచి ఆరంగుళాల దాకా ఒక రేటు, ఆరు దాటితే మరో రేటు. వినడానికి న్యాయంగా ఉంటుంది గాని, గాలికి ఒకచోట పాదం లోతు, ఇంకోచోట మోకాటి లోతు పేరుకున్న మంచులో స్కేలు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

మన పల్లెల్లో వరి కోత తెలిసినవాళ్ళకు ఈ రెండు పద్ధతులూ కొత్త కాదు. ఒకటి రోజు కూలి, రెండోది ఎకరానికింతని గుత్త. గుత్తకు ఒప్పుకున్న మేస్త్రి కష్టనష్టాలు తన నెత్తినే వేసుకుంటాడు. అయితే గాలివానకు చేను పడిపోతే అదే రేటుకు కోయమంటే ఏ మేస్త్రీ ఒప్పుకోడు. మంచు గుత్తలో ఆ షరతు రాయడం మరిచిపోయినవాళ్ళే మునుగుతారు.

సంఖ్యల్లో చూద్దాం. పుష్‌కు 40 డాలర్లు, లేదా సీజనుకు 440 అని ఒకడు చెప్పాడనుకుందాం. పదకొండు సార్లు వస్తే రెండూ సమానం. ఆరుసార్లే వచ్చాడంటే గుత్త కట్టిన ఇంటాయన 200 ఎక్కువ ఇచ్చినట్టు. ఇరవై అయిదు సార్లు వచ్చాడంటే వెయ్యి డాలర్ల పనిని 440కే చేయించుకున్నట్టు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 2022-23లో సీజను మొత్తానికి 2.3 అంగుళాలే పడింది. అంతకంటే తక్కువ పడిన చలికాలం అక్కడి రికార్డుల్లోనే లేదు. బోస్టన్‌లో 2014-15లో 110 అంగుళాలు దాటింది, సగటుకు రెట్టింపు పైనే. అలాంటి ఏడాది పరిమితి లేని గుత్త రాసిచ్చినవాడికి ప్రతి కొత్త తుపానూ ఒక అప్పుల నోటీసే.

పెద్ద కంపెనీలకు ఈ జూదం నుంచి తప్పుకునే దారులున్నాయి. షికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజ్ 2006లో బోస్టన్, న్యూయార్క్ మంచు మీద ఫ్యూచర్స్ కాంట్రాక్టులే పెట్టింది. ఒక్క ట్రక్కు మనిషికి ఆ గొడవ ఎందుకు? తెలివైనవాడు సగం ఇళ్ళు గుత్తకు, సగం విడిగా ఒప్పుకుంటాడు. మంచు పడని ఏడాది గుత్త డబ్బు ట్రక్కు వాయిదాలు కడుతుంది, విపరీతంగా పడిన ఏడాది విడి ఇళ్ళు నష్టం పూడుస్తాయి. ఏ బిజినెస్ స్కూలూ చెప్పకుండానే మిడ్‌వెస్ట్‌లో వందలాది మంది ఈ పని చేస్తున్నారు.

ఇక డిమాండు పెరిగిన రోజే ధర పెంచితే ఏమవుతుంది? దీనికి జవాబు అర్థశాస్త్రంలోనే ఉంది, అదీ మంచు పార రూపంలో. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1986లో అచ్చేసిన పరిశోధనలో కెనడా జనాన్ని ఫోన్లో ఒక ప్రశ్న అడిగారు. పదిహేను డాలర్లకు అమ్ముతున్న మంచు పారను పెద్ద తుపాను మర్నాడు ఒక దుకాణం ఇరవైకి పెంచింది, ఇది న్యాయమా? 82 శాతం మంది అన్యాయమన్నారు. కానెమన్‌కు 2002లో, థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. ప్లౌ వాళ్ళు ఆ పేపరు చదివి ఉండరు. అయినా పాత ఖాతాదారుకు తుపాను రోజు రేటు పెంచకూడదని వాళ్ళకు తెలుసు. పెంచితే ఆ వీధి మొత్తం పోతుంది, వీధి పోతే పైన చెప్పిన రెండు నిమిషాల లెక్క పోతుంది. ఫోన్లో కొత్తగా పిలిచినవాడికి మాత్రం ఎక్కువే చెబుతారు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు కూడా, ఆ ఇల్లు దారిలో లేదు కదా.

న్యూయార్క్ రాష్ట్రంలో దీనికి చట్టమూ ఉంది. 1978-79 చలికాలంలో ఇళ్ళు వెచ్చబెట్టుకునే నూనె ధరలు ఎగబాకాక, అత్యవసర సమయాల్లో నిత్యావసర వస్తువులకూ సేవలకూ విపరీతంగా ధర పెంచకూడదని 1979లో ఆ చట్టం తెచ్చారు. ఎంత పెంచితే 'విపరీతం' అన్నది కోర్టుల పని.

తుపాను ఎంత విపరీతంగా ఉంటుందో బఫెలో వాళ్ళను అడగాలి. 2014 నవంబరులో ఈరీ సరస్సు మీదుగా వచ్చిన మంచు పట్టీ ఊరి దక్షిణ శివార్లలో కొన్నిచోట్ల అయిదడుగులు దాటించింది. కొద్ది మైళ్ళ ఉత్తరాన కొన్ని అంగుళాలే. విమానాశ్రయం దగ్గర కొలిచిన అంగుళాలను బట్టి డబ్బులిస్తామని కాగితం రాసుకున్నవాళ్ళకు ఆ వారం ఆ కాగితం ఎందుకూ పనికిరాలేదు. 2022 నవంబరులో అదే శివార్లలోని హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్ ప్రాంతాల్లో 80 అంగుళాల దాకా కురిసింది. అంత మంచులో పికప్ ట్రక్కు బ్లేడు నిస్సహాయం. లోడర్లు రావాలి, వాటి రేటు గంటల్లో ఉంటుంది. పైగా ప్రయాణాల మీద నిషేధం పెట్టిన ఊళ్ళలో ట్రక్కు కదలడానికే లేదు. ఒక్క తుపానులో ఫలానా అంగుళాలు దాటితే గంటల లెక్కన అదనమని గుత్త కాగితంలో ఒక వాక్యం ఉండాల్సింది ఇందుకే. ఆ వాక్యం చూసి మోసమనుకునే ఇంటివాళ్ళుంటారు. నిజానికి అది రాసినవాడే చివరిదాకా వస్తాడు. రాయనివాడు జనవరిలో ఫోన్ ఎత్తడం మానేస్తాడు.

కెనడాలో ఆటవా, మాంట్రియల్ శివార్లలో గుత్తే రివాజు. అక్కడ పికప్‌ల కంటే ట్రాక్టర్లు ఎక్కువ. వెనక తగిలించిన బ్లోయర్ మంచును పీల్చి పక్కకు విసిరేస్తుంది, ఒక్కో ఇల్లు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. వీధి పొడవునా ఒకే కంపెనీ పుల్లలు కనిపిస్తే ధర కిందికే ఉంటుంది.

ఏ పద్ధతి మంచిది? రెంటిలోనూ ఆశ పని చేస్తుంది, దిశ మాత్రం వేరు. పుష్‌కింత అన్నప్పుడు పన్నెండంగుళాల తుపానులో ప్లౌ వాడు మూడుసార్లు రావాలనుకుంటాడు, ఇంటాయన మంచు ఆగాక ఒక్కసారి చాలంటాడు. గుత్తలో ప్లౌ వాడు 'ఇంకా రెండంగుళాలు కాలేదు' అని పడుకుంటాడు, ఇంటాయన ఒకటిన్నర అంగుళానికే ఫోన్ చేస్తాడు. ఈ కాలమ్ మొగ్గు గుత్త వైపే, పై పరిమితి రాసిన గుత్త వైపు. తెల్లవారుజామున మూడింటికి ప్రతిసారీ బేరమాడే పని ఇద్దరికీ తప్పుతుంది.

కాంటన్, నోవై, నేపర్‌విల్, ఈడెన్ ప్రెయిరీ లాంటి అమెరికా మిడ్‌వెస్ట్ ఊళ్ళలో ఇళ్ళు కొన్న తెలుగువాళ్ళకు ఇది ప్రతి శరదృతువులో వచ్చే చర్చే. టౌన్‌హోమ్‌లో ఉన్నన్నాళ్ళూ అసోసియేషన్ ఫీజులో కలిసిపోయిన ఖర్చు విడి ఇంటికి మారగానే విడిగా కనిపిస్తుంది. బేరం మనకు అలవాటే గాని, 'కొంచెం తగ్గించండి' అంటే ఈ వ్యాపారంలో పెద్దగా తగ్గదు. ఒకే సబ్‌డివిజన్‌లో పది తెలుగు ఇళ్ళుండడం ఇప్పుడు వింత కాదు, వాట్సాప్ గ్రూపు ఎలాగూ ఉంటుంది. నాలుగు వరస ఇళ్ళు కలిసి ఒకే ప్లౌ వాడిని అడిగితే అతనికి దారి సమయం మిగులుతుంది, ఆ మిగులులో వాటా అడగడం సబబు. డబ్బు మాత్రం మొత్తం ముందే ఇచ్చేయకుండా రెండు వాయిదాల్లో ఇవ్వండి. సంతకం పెట్టేముందు కాగితంలో మూడు సంగతులు వెతకండి: ఎన్ని అంగుళాలకు వస్తాడు, ఎన్ని గంటలకల్లా వస్తాడు, ఊరి ప్లౌ వీధి శుభ్రం చేస్తూ మీ డ్రైవ్‌వే మొదట్లో వదిలిపోయే గట్టి గట్టును తీయడం ఆ ధరలోనే ఉందా. ఎక్కువ గొడవలు ఈ మూడోదాని దగ్గరే వస్తాయి.