64 గళ్లు 65 అయ్యే విద్య

ఒక ఆకారాన్ని ముక్కలుగా కోసి, అవే ముక్కలను మరో తీరులో పేర్చి, వైశాల్యం పెరిగిందనో తరిగిందనో కంటిని నమ్మించే జ్యామితి చిక్కులు వినోద గణితంలో అన్నిటికంటే నాణ్యమైన శాఖ అని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. ఇంద్రజాలికుడు హస్తలాఘవంతో దాచేదాన్ని ఇక్కడ ఒక గీత దాచాలి; అదీ చూసేవాడి చేతికే కత్తెర ఇచ్చి, అతని కళ్లెదుటే దాచాలి.

వీటిలో తలమానికం చదరంగపు పలక చిక్కు. వరసకు 8 చొప్పున 64 గళ్లున్న చతురస్రాన్ని ముందుగా 3 గళ్ల వెడల్పు, 5 గళ్ల వెడల్పు ఉన్న రెండు పట్టీలుగా కోస్తారు. సన్న పట్టీని మూల నుంచి మూలకు కోస్తే రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. వెడల్పు పట్టీని ఒక అంచున 3, ఎదుటి అంచున 5 గళ్లు పడేలా ఏటవాలుగా కోస్తే రెండు సమలంబ చతుర్భుజాలు, అంటే ఒక జత భుజాలు మాత్రమే సమాంతరంగా ఉండే ముక్కలు, వస్తాయి. ఈ నాలుగింటినీ 5 గళ్ల వెడల్పు, 13 గళ్ల పొడవు ఉన్న దీర్ఘచతురస్రంగా పేరిస్తే లెక్క 65కు చేరుతుంది. త్రిభుజపు కర్ణం 8 గళ్ల దూరానికి 3 గళ్లు ఎక్కుతుంది, రెండో ముక్క ఏటవాలు అంచు 5 గళ్లకు 2 ఎక్కుతుంది. ఆ రెండు వాలుల తేడా ఒకటింబావు డిగ్రీ మాత్రమే కనుక, దీర్ఘచతురస్రంలో ఒకే సరళరేఖగా కనిపించే కర్ణం నిజానికి సన్నని చీలిక, ఆ చీలిక వైశాల్యమే కొత్తగా వచ్చిన గడి. గడి కొలత ఒక సెంటీమీటరైతే ఆ చీలిక పొడవు దాదాపు 14 సెంటీమీటర్లు, మందం మిల్లీమీటరుకు రవంత ఎక్కువ.

ఇందులోని 3, 5, 8, 13 ఫిబొనాచి శ్రేణికి, అంటే ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తమయ్యే వరసకు చెందినవి. ఆ శ్రేణిలో ఏ సంఖ్య వర్గమైనా దాని ఇరుపక్కల సంఖ్యల లబ్ధానికి సరిగ్గా ఒకటి తేడాలో ఉంటుందని ఖగోళ శాస్త్రవేత్త కస్సీని 1680లో గుర్తించాడు. అందుకే భుజం 13 గళ్లుగా తీసుకుని ఇదే కోత కోస్తే 169 గళ్లు 168 అవుతాయి, ఈసారి ముక్కలు ఒకదానిపై ఒకటి మిల్లీమీటరులో ముప్పాతిక కూడా మించకుండా ఎక్కి కూర్చుంటాయి. సంఖ్యలు పెరిగేకొద్దీ దొంగతనం అంత నాజూకవుతుంది!

చరిత్ర సంగతికి వస్తే, ఇటలీ వాస్తుశిల్పి సెర్లియో 1545లోనే ఇలాంటి పలక కోత ఒకటి చెప్పి, వైశాల్యం పెరిగిందని గమనించకుండానే ముందుకు సాగిపోయాడంటారు. 1774లో హూపర్ తన పుస్తకంలో 30 గళ్లను 32 చేశాడు. చదరంగపు పలక 1868లో జర్మన్ గణితజ్ఞుడు ష్లోమిల్క్ ద్వారా అచ్చెక్కింది. న్యూయార్క్ ఇంద్రజాలికుడు పాల్ కరీ 1953లో కూర్చిన త్రిభుజం వీటన్నిటినీ మించిన పని, ఎందుకంటే అందులో బయటి ఆకారం మారినట్టే ఉండదు, లోపల మాత్రం ఒక గడి ఖాళీ అవుతుంది. 13 గళ్ల అడుగు, 5 గళ్ల ఎత్తు ఉన్న అసలు త్రిభుజం వైశాల్యం 32.5 కాగా, మొదటి అమరికలో కర్ణం లోపలికి కుంగి 32, రెండో అమరికలో బయటికి ఉబ్బి 33 అవుతుంది. కుంగుగానీ ఉబ్బుగానీ గడిలో పదమూడో వంతు మాత్రమే.

అమెరికా వాడు సామ్ లాయిడ్ 1896లో ఒక చక్రం తిప్పి 13 మంది చైనా యోధులను 12 మందిని చేశాడు. దీని కీలకం పది నిలువు గీతలు గీసి, మొదటి గీత పైకొన నుంచి చివరి గీత అడుగు వరకు ఏటవాలుగా కోసి, ఒక గీత మేర జరిపితే తెలుస్తుంది: తొమ్మిదే మిగులుతాయి, కానీ ప్రతిదీ తొమ్మిదో వంతు పొడవెక్కుతుంది. లాయిడ్ నేర్పరి, కాదనలేం. అయితే ఇతరుల చిక్కులకు తన పేరు తగిలించుకోవడంలోనూ అంతే నేర్పరి. ఆయన చేతిలో అలా చిక్కులు పోగొట్టుకున్నవారిలో ఇంగ్లండుకు చెందిన హెన్రీ డ్యూడెనీ ఉన్నాడు, గణితం తెలిసినవారి ఓటు ఎప్పటికీ డ్యూడెనీకే. సమబాహు త్రిభుజాన్ని నాలుగే ముక్కలుగా కోసి చతురస్రంగా మార్చే ఆయన చిక్కులో మోసం లేశమైనా లేదు, చూసేవారికి మాత్రం ఎక్కడో మోసం ఉందనిపిస్తుంది. 1905లో మహాగని చెక్క ముక్కలకు ఇత్తడి బందులు వేసి దాన్ని లండన్ రాయల్ సొసైటీలో ప్రదర్శించాడు. ముక్కలను తిరగేయకుండా మూడింటితో ఆ పని సాధ్యం కాదని గణితజ్ఞులు నిరూపణ ప్రకటించింది 2024 డిసెంబరులో!

ఇంతటి పనికి నేడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. తరగని చాక్లెట్ పేరుతో ఫోన్లలో తిరిగే వీడియోల్లో ముక్క జరుగుతున్నప్పుడే దాన్ని కంప్యూటర్‌తో సాగదీస్తారు. అది చిక్కు కాదు, అబద్ధం. కరీ త్రిభుజాన్ని లావుపాటి నల్లగీతలతో అచ్చువేసేవారు ఏ తేడాను కన్ను పట్టుకోవాలో దాన్నే సిరా కింద పూడ్చేస్తున్నారు. డ్యూడెనీ చిక్కుకు జరుగుతున్న అన్యాయం మరీ ఘోరం: 20 సెంటీమీటర్ల అడుగును 5.09, 10, 4.91గా విభజించాల్సిన చోట 5, 10, 5 అని సరిపెట్టేస్తారు, దాంతో చతురస్రానికి బదులు 13.23కు 13.09 ఉన్న దీర్ఘచతురస్రం వస్తుంది. పూర్వపు నిపుణుడు తప్పును తెలిసి, కొలిచి, ఒక చోట దాచాడు. ఈ నకలుదారుకు తన తప్పు ఎక్కడుందో తనకే తెలియదు.

ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ చిక్కులను పిల్లలకు తెరమీద చూపించి ఊరుకోకుండా, గళ్ల కాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు, కత్తెర ఇచ్చి వారి చేతనే కోయించాలి. పోయిన గడి ఎక్కడుందో స్కేలుతో కొలిచి చూపేదాకా జవాబు చెప్పకూడదు.