తండ్రులు గుర్తింపని బిడ్డలు

అమెరికా దేశపు రచయిత రిక్ రయర్డను బాలురకై వ్రాసిన పెర్సీ జాక్సను కథలలో మొదటి యైదు సంపుటములు 2005 మొదలు 2009 వఱకు వెలువడినవి. గ్రీకు దేవతలను నేటి పట్టణపు వీథులలో నిలుపుట వట్టి వేడుకయని తలచి మేము చాలకాలము వానిని ముట్టమైతిమి. ఒలింపసు న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనమున ఆఱువందలవ యంతస్తుపై నున్నదట. ఆ భవనమునకు నిజముగా గలవి 102 అంతస్తులే. మెడూసా బాటప్రక్కను తోటబొమ్మల నమ్ముకొనుచుండునట! హరికథలలోని పిట్టకథలకు కడుపుబ్బ నవ్విన మాకు దీనిని తప్పుపట్టు నధికారము లేదని తరువాత తోచినది.

రయర్డను అప్పుడు బడిపంతులుగా నుండెను. చదువున వెనుకబడిన తన కుమారునికి రాత్రులందు గ్రీకు కథలు చెప్పుచుండ, అవి యన్నియు నైపోగా, క్రొత్తవి కల్పింపుమని బాలు డడిగెను. అట్లు పుట్టినవాడు పెర్సీ. పండ్రెండేండ్లవాడు. పుస్తకము తెఱచిన నక్షరములు కన్నులయెదుట ఈదులాడును. ఒకచోట కుదురుగా కూర్చుండలేడు. ఏ పాఠశాలవారును వానిని రెండవ యేడు ఉంచుకొనరు. వాని మెదడు ప్రాచీన గ్రీకుభాషకై యేర్పడినది గనుక ఇంగ్లీషక్షరములు నిలువవనియు, వాని చాంచల్యము యుద్ధభూమిలో వానిని కాపాడు మెలకువయనియు తుదకు తెలియవచ్చును.

ఇచ్చట మేము పుస్తకము మూసి కొంతసే పూరకుంటిమి. పదునెనిమిదేండ్ల క్రిందట మా తరగతిలో నొక బాలుడుండెను. పద్య మొక్కమాఱు విన్న తప్పులేక అప్పగించును. అదే పద్యమును పుస్తకమున చూపిన నోరు మెదపడు. సోమరితనమని యెంచి మేము వానిని బల్లయెక్కించితిమి, బెత్తమును వాడితిమి. అర్ధసంవత్సర పరీక్షల పిమ్మట వాడు బడికి రాలేదు. ఆ దోషము మాదే.

నిరుడు మొదటి సంపుటమును ఏడవ తరగతివారికి తెలుగున చెప్పితిమి. వెనుక వరుసలోని పిల్లవా డొకడు లేచి, “మాష్టారూ, దేవుడి కొడుకు కానివాడికి అక్షరాలు కదిలితే మఱి ఎట్లాగండీ?” అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. గ్రంథమునను బదులు లేదు. బాలుని లోపమును మన్నింపవలెనన్న వాడు దైవాంశసంభూతుడై యుండవలెనా? పుట్టుకనుబట్టి గౌరవ మిచ్చు దురాచారము మనకు క్రొత్తగాదు. అది వేలుపుల వేషమున వచ్చినను మాకు సమ్మతము గాదు.

అయినను కథ ముదిరినకొలది కవి యీ చిక్కును తానే గ్రహించినట్లు కానవచ్చును. దేవతల బిడ్డలుండు శిబిరమున, తండ్రి గాని తల్లి గాని గుర్తింపనివారందఱును హెర్మీసు కుటీరమున నేలపై పరుండుదురు. ఆ కుటీరమునకు పెద్దయైన లూకు తండ్రి యలక్ష్యమునకు కుమిలి క్రోనసు పక్షమున చేరును. మాకు రంగమధ్యమున కులమేదని యడిగినపుడు తలవంచుకొన్న కర్ణుడు జ్ఞప్తికి వచ్చినాడు. ఆదరించిన పక్షమున కత్తిపట్టుటకు అతడును వెనుదీయలేదు గదా. కుంతి నిజము చెప్పుసరికి యుద్ధము వాకిట నిలిచినది. ఇచ్చట యుద్ధానంతరమున దేవతలు పెర్సీకి అమరత్వ మీయబోగా వాడు వలదని, పదుమూడేండ్లు నిండునప్పటికి ప్రతి బిడ్డను కన్నవారు గుర్తింపవలెననియు, చిన్న దేవతల బిడ్డలకును కుటీరములు కట్టవలెననియు వరము కోరెను. అయిదు సంపుటములలోను ఇంత గొప్ప ఘట్టము వేఱొకటి లేదు.

మొదటి సంపుటపు తుదిలోని యొక సంగతి మాత్రము మాకు రుచింపలేదు. పూర్వము పెర్సియసు, తన తల్లి డానేను పీడించిన పాలిడెక్టీసును మెడూసా తలచూపి శిలగా జేసెను. రయర్డను ఆ పనిని తల్లికే విడిచి, క్రూరుడైన మగనినుండి ఆమెయే తన్ను విడిపించుకొన్నట్లు చెప్పుట మెచ్చదగినది. కాని యామె యా శిలను శిల్పమని యమ్మి, ఆ సొమ్ముతో కళాశాలలో చేరెనని నవ్వుచు చెప్పుట యేల? పిల్లలు విరగబడి నవ్విరి, మేము నవ్వలేకపోతిమి.

రయర్డను పేరిటి గ్రంథమాలలోనే 2018లో రోషణీ చోక్షీ పాండవుల కథనాధారముగా వ్రాసిన అరూ షా కథ వెలువడినది. అందు పాండవులు బాలికలై పుట్టుదురు. దానినిగూర్చి వేఱొకమాఱు వ్రాసెదము.