యిర్మీయా చూచిన మ్రాను, మన ఇంటి క్రిస్మస్ చెట్టు: ఒక విమర్శ

ప్రతి డిసెంబరులోను మన సంఘములలో ఒక ప్రశ్న తలెత్తుచున్నది: విశ్వాసి తన ఇంటిలో క్రిస్మస్ చెట్టును నిలుపవచ్చునా? కొందరు బోధకులు యిర్మీయా 10:3-4ను చూపి అది విగ్రహారాధనయేనని ఖండించుచున్నారు. మరికొందరు మార్టిన్ లూథరే దానిని ప్రారంభించెనని చెప్పి సమర్థించుచున్నారు. ఈ రెండు వాదములును పరీక్షకు నిలువవని మేము భావించుచున్నాము. అయినను వాదములు వీగిపోయినంత మాత్రమున ప్రశ్న తీరిపోదు.

మొదట ఖండనను చూతము. యిర్మీయా వర్ణించినది అడవిలో నరికిన మ్రానును పనివాడు చెక్కగా, వెండి బంగారములతో అలంకరింపబడి, కదలకుండ మేకులతో బిగింపబడిన దేవతా ప్రతిమను. 3వ వచనములో పనిముట్టును సూచించు 'మఅసాద్' అను హెబ్రీ పదము యెషయా 44:12లోను కనబడుచున్నది. అక్కడను సందర్భము విగ్రహ నిర్మాణమే. 5వ వచనము ఆ ప్రతిమ మాటలాడలేదని, దానిని ఇతరులు మోయవలెనని పరిహసించుచున్నది. ఇంటిలోని చెట్టును మాటలాడుమని ఎవరును వేడుకొనరు. పైగా జర్మను ప్రాంతములలో ఈ ఆచారము కనబడునది 16వ శతాబ్దము నుండి. ప్రవక్తకును దానికిని నడుమ రెండు వేల ఏండ్లకు పైగా ఎడమున్నది.

సమర్థకుల వాదము కూడ బలహీనమే. 1546లో మరణించిన లూథర్ మొదటి చెట్టును వెలిగించెనను కథకు ఆయన రచనలలో ఆధారము లేదు. 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ వర్ణనలో కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, పలుచని అప్పములు, చక్కెర మిఠాయిలు ఉన్నవి, దీపములు లేవు. డిసెంబరు 24 ఆదాము హవ్వల దినము గనుక, ఏదెను నాటకములలోని పండ్ల చెట్టుతో దీనిని పలువురు చరిత్రకారులు ముడిపెట్టుచున్నారు. 1848లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక విక్టోరియా రాణి కుటుంబమును చెట్టు చుట్టు చూపిన చిత్రమును ప్రచురించిన పిమ్మట, అది ఇంగ్లండులో గౌరవచిహ్నమైనది. కావున ఈ చెట్టు రెండు జ్ఞాపకములను మోయుచున్నది: పతనము, విమోచనలను గూర్చిన బోధ ఒకటి, రాజగృహ వైభవము మరియొకటి. మన ఇండ్లకు ఏది చేరినదన్నదే అసలు విమర్శ.

కోస్తా పల్లెలలో సరుగుడు కొమ్మను ఇసుక నింపిన బకెట్టులో నిలిపి, పిల్లలు రంగు కాగితములు అంటించు ఇండ్లున్నవి. దానిని చూచి, అంగడిలో కొన్న ప్లాస్టిక్ చెట్టుగలవారు చిన్నచూపు చూచినయెడల, అచ్చట విగ్రహము చెట్టు కాదు, అంతస్తు. అట్లే కొమ్మలపై దూది పరచి మంచు అని చెప్పుట ఆలోచింపదగినది. గుంటూరు సీమ రైతు చెమటతో పండించిన ప్రత్తిని, మనమెన్నడు ఎరుగని మంచుగా మార్చుచున్నాము. లూకా 2:12లో గొల్లలకు ఇయ్యబడిన ఆనవాలు పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి. ఆ దూదిని తొట్టిలో శిశువు క్రింద పరచుట ఆ వాక్యమునకు సమీపము.

మరియొక సంగతి. ఇటీవల విశ్వాసములోనికి వచ్చిన కుటుంబమునకు, చెట్టు ఎదుట దీపము వెలిగించుట పూర్వపు పూజను జ్ఞాపకము చేయవచ్చును. 1 కొరింథీ 8వ అధ్యాయము ప్రకారము జ్ఞానము మాత్రమే చాలదు. సహోదరుని మనస్సాక్షిని కూడ చూడవలెను. అట్టి ఇంటిలో చెట్టు లేకుండుట విశ్వాసమునకు కొరత కాదు.

కాగా చెట్టును ఎన్నుకొనువారు మూడు సంగతులు అడుగుకొనవలెనని మా సూచన: ఇది అప్పు తెచ్చునా? పొరుగువానిని సిగ్గుపరచునా? దీని అర్థమును పిల్లలకు చెప్పగలమా? మన తెలుగు బైబిలు సిలువను కూడ 'మ్రాను' అనియే పిలుచుచున్నది (1 పేతురు 2:24). ఏదెను చెట్టు నుండి ఆ మ్రాను వరకు గల కథను సరుగుడు కొమ్మ ప్రక్కన కూర్చుండి పిల్లలకు చెప్పు తల్లి మంచి వ్యాఖ్యాత. ఆ కథ లేనిచో, ఎంత ఖరీదైన చెట్టైనను గది మూలనున్న అలంకారము మాత్రమే.