మినుకు వెలుగులో రెటీనా పనితీరు

వెండితెర మీద కదిలే బొమ్మ నిజానికి సెకనుకు 24 నిశ్చల చిత్రాల వరుస. ఫిల్ము ప్రొజెక్టరులోని షట్టరు ఒక్కొక్క చిత్రాన్ని రెండు మూడు సార్లు మూసి తెరవడం వల్ల తెరపై సెకనుకు 48 లేదా 72 మినుకులు పడతాయి, ఆ వేగాన్ని విడదీయలేని మన చూపు దానిని ఎడతెగని వెలుగుగానే గ్రహిస్తుంది. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో పుట్టిన సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఈ మినుకుల కళలోనే జీవితం గడపగా, ఆయన కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళాల అండతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన నేత్రవైద్య సంస్థ ఆయన పేరుతోనే నడుస్తోంది. తెర మీద కంటిని మభ్యపెట్టే మినుకే వైద్యశాస్త్రంలో కంటి పనితీరును కొలిచే సాధనమైంది.

కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాలో మసక వెలుతురుకు పనికివచ్చే దండ కణాలు, పగటి వెలుతురుకూ రంగులకూ పనికివచ్చే శంకు కణాలు ఉంటాయి. సెకనుకు 30 సార్లు మినుకుమనే వెలుగును దండ కణాలు అందుకోలేవు కనుక అప్పుడు వచ్చే స్పందన శంకు కణాల మార్గానిదే అవుతుంది. దానిని విద్యుత్ సంకేతంగా నమోదు చేసే ఈఆర్‌జీ పరీక్ష చాలాకాలంగా ఉన్నదే. అయితే రెటీనా అంతటికీ వెలుగు చూపి చేసే ఆ పరీక్ష మొత్తం స్పందనను కలగలిపి చెబుతుంది గాని ఏ చోట ఏ లోపముందో చూపదు. ఆ లోటు తీర్చేవి కాంతితో చిత్రించే పద్ధతులు.

వీటిలో ఒకటి రక్తనాళాలను గమనిస్తుంది. సెకనుకు 12 సార్లకు పైగా మినుకుమనే ఆకుపచ్చ వెలుగును 20 సెకన్ల పాటు చూపితే నాడీకణాల శ్రమ పెరిగి, చేనుకు నీరు కావలసినప్పుడు తూము ఎత్తినట్లు, సన్నని ధమనులు కొద్ది శాతం వెడల్పవుతాయి. కెమెరా ఆ మార్పును క్షణక్షణం కొలుస్తుంది. మధుమేహులలో ఈ విప్పారడం తగ్గుతుందనీ, రెటీనా మీద రక్తపు చుక్కలు కనబడక ముందే తగ్గవచ్చుననీ అధ్యయనాలు చూపాయి. మరొక పద్ధతికి ఆధారం ఓసీటీ, అంటే వెనుదిరిగిన కాంతి తరంగాలను పోల్చి రెటీనా పొరలను చిత్రించే విధానం. కంటికి దాదాపు కనిపించని పరారుణ కాంతితో కొలుస్తూ వేరొక వెలుగును మినుకుమనిపిస్తే, శంకు కణాల కొనల పొడవు నానోమీటర్లలో, అనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు కొలతల్లో, మారడం తెలుస్తుంది.

వయసు, రక్తపోటు కూడా నాళాల స్పందనను తగ్గిస్తాయి, శుక్లం చిత్రాన్ని మసకబారుస్తుంది, కనుగుడ్డు కదలిక కొలతను చెడగొడుతుంది. అందువల్ల ఈ పద్ధతులు ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనశాలలకే పరిమితమయ్యాయి. పశ్చిమ గోదావరితో పాటు మరికొన్ని జిల్లాల్లో 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 10,293 మందిని పరీక్షించి జరిపిన కంటి సర్వే వంటివి మినుకు పరీక్షతోనూ సాధ్యం కావాలంటే, యంత్రం చవకగా, వేగంగా పనిచేయాలి. రెటీనా ఫొటో జరిగిన నష్టాన్ని చూపితే, మినుకు పరీక్ష జరగబోయే నష్టాన్ని సూచించవచ్చు. దాని విలువ అక్కడే ఉంది. ఆ సౌకర్యం ఊళ్ళకు చేరేవరకు కలిదిండిలోనైనా తాడేపల్లిగూడెంలోనైనా మధుమేహం ఉన్నవారు, చూపు బాగానే ఉందని ఊరుకోకుండా, ఏటా ఒకసారి రెటీనా పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.