పందెపు గుర్రం మందకు పనికిరాదా?

అమెరికా పశువుల రాంచుల్లో పాతుకుపోయిన మాట ఒకటుంది: మందకు క్వార్టర్ హార్స్, పందేనికి థరోబ్రెడ్. అందులో సగమే నిజం.

తాడు పని దగ్గర ఆ మాట నూటికి నూరుపాళ్లూ చెల్లుతుంది. దూడ మెడకు ఉచ్చు విసిరి, తాడు కొసను జీను కొమ్ముకు చుట్టగానే ఆ గుంజుడంతా గుర్రం మీదే పడుతుంది. పొట్టి కాళ్లూ, కండపట్టిన పిరుదులూ ఉన్న క్వార్టర్ హార్స్ వెనక కాళ్ల మీద కూలబడినట్టు ఆగి దాన్ని తట్టుకుంటుంది. పొడుగు కాళ్ల థరోబ్రెడ్‌కు అలా ఆగడమే కష్టం. పైగా పందెంలో దానికి అలవాటైంది వేరు: పక్క గుర్రం ఉరికితే తానూ ఉరకాలి, పగ్గం బిగిస్తే ఇంకా ముందుకు తోసుకుపోవాలి. మందలో ఆవు ఆగితే ఆగాలి, తిరిగితే తిరగాలి. పాత అలవాటు మరిపించడానికి నెలలు పడుతుంది.

వేల ఎకరాల మేతభూమిలో చెదిరిన పశువుల్ని పోగుచేసే రోజు వేరు. అక్కడ కావలసింది పొడుగాటి అంగ, తరగని ఊపిరి. పావుమైలు ఉరుకులో క్వార్టర్ హార్స్‌కు సాటి లేదు. దూరం పెరిగేకొద్దీ థరోబ్రెడ్‌దే పైచేయి.

అసలు ఈ రెండు జాతుల్నీ ఎదురెదురుగా నిలబెట్టడమే పొరపాటు. 1920, 30లలో అమెరికా సైన్యానికి గుర్రాలు సమకూర్చే రీమౌంట్ సర్వీసు రైతులకూ రాంచర్లకూ అప్పగించిన మగ గుర్రాల్లో అత్యధికం థరోబ్రెడ్‌లే. వాటికి స్థానిక ఆడగుర్రాల వల్ల పుట్టినవెన్నో మందల వెంట తిరిగాయి. 1940లో పుట్టిన త్రీ బార్స్ అచ్చమైన థరోబ్రెడ్, పందేలు గెలిచింది. దాని మనవడు డాక్ బార్ 1956లో పుట్టిన క్వార్టర్ హార్స్, పరుగులో రాణించలేదు. అయితే దాని సంతానం కటింగ్ పోటీల తీరునే మార్చేసింది. రౌతు పగ్గం వదులుచేస్తే, మందలోంచి విడదీసిన ఆవును గుర్రమే సొంతంగా అడ్డగించే పోటీ అది. పందెపు రక్తం పశువుల పనిని చెడగొట్టేదే అయితే ఆ వంశం అక్కడ నిలిచేది కాదు.

తాడు పనికి నేను క్వార్టర్ హార్స్‌నే ఎంచుతాను. కానీ కీళ్లు బాగుండి, నెమ్మదైన గుర్రం పందెం మానేసి వస్తే జాతి పేరు విని తోసేయకండి. మంద దగ్గరకు నడిపించి, దాని చెవులు ఆవు మీద నిలుస్తాయో లేదో చూసి నిర్ణయించండి.