పక్కనుండేవాడి పనితనం

మా మేనల్లుడిది విజయనగరం. వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు వాడు నన్ను పోకెమాన్ ఆటకి కూర్చోబెట్టాడు. మేమిద్దరం ఒక జట్టు, అటు ఇంకో ఇద్దరు. నాకు తెలిసిందల్లా కొట్టడమే కనుక కొట్టుకుంటూ పోయాను. మూడో ఆట కూడా ఓడిపోయాక వాడికి విసుగొచ్చింది. "ఏటి మావయ్యా, ఇద్దరం కొట్టీసుకుంటే ఎలాగ? నువ్వు కొట్టకు. పక్కనుండి నాకు కాయి, నేను కొడతాను."

బయటి నుంచి చూసేవాళ్ళకి పోకెమాన్ అంటే రెండు వింతజంతువులు ఎదురెదురుగా నిలబడి తన్నుకోవడం. పెద్ద పోటీల్లో ఆడేది అది కాదు, జోడీ పోరు. ఆటగాడు ఆరు జీవుల్ని తెచ్చుకుంటాడు, అవతలివాడి ఆరింటినీ చూశాక నాలుగింటిని ఎంచుకుంటాడు, రెండేసి చొప్పున బరిలోకి దింపుతాడు. నాలుగు జీవులు ఒకేసారి బరిలో ఉండేసరికి లెక్క మొత్తం మారిపోతుంది. ఒంటరి పోరులో ఎందుకూ పనికిరాదనుకున్న జీవి ఇక్కడ గెలుపు తెచ్చిపెడుతుంది.

హెల్పింగ్ హ్యాండ్ అని ఒక ఎత్తు ఉంది. వేసిన జీవి ఎవరినీ కొట్టదు. ఆ వంతులో తోడుజీవి కొట్టే దెబ్బ మాత్రం ఒకటిన్నర రెట్లవుతుంది. చూడ్డానికి నష్టం బేరంలా ఉంటుంది. రెండు దెబ్బలు పడాల్సిన చోట ఒకటిన్నర దెబ్బే పడుతోంది కదా! కానీ అవతలి జీవి ఒక దెబ్బకి కొనఊపిరితో మిగిలిపోయి, తన వంతు రాగానే మన జీవిని పడగొట్టేలా ఉందనుకోండి. అక్కడ కావలసింది రెండు చిన్న దెబ్బలు కాదు, ముందుగా పడే ఒక్క పెద్ద దెబ్బ. టెయిల్‌విండ్ అనేది మరొకటి. నాలుగు వంతుల పాటు మన జట్టు వేగం రెట్టింపు చేస్తుంది. బలం ఉండి కదల్లేని మొద్దుజీవి ఆ గాలి తగలగానే అందరికంటే ముందు లేస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం తనవాణ్ణి తనే కొట్టే యుక్తి. టెరాకియన్ అనే ఎద్దులాంటి జీవికి ఒక గుణం ఉంది. చీకటి జాతి దెబ్బ తగిలిన ప్రతిసారీ రోషం పెరిగి దాని బలం ఒక మెట్టు ఎక్కుతుంది. దాని పక్కన విమ్సికాట్ అనే దూదిపింజలాంటి జీవిని నిలబెడతారు. అది బీట్ అప్ అనే చీకటి జాతి ఎత్తు తన జోడీ మీదే వేస్తుంది. జట్టులో నలుగురూ నిలబడి ఉంటే నాలుగు చిన్న దెబ్బలు, నాలుగు మెట్లు. నాలుగు మెట్లంటే బలం మూడు రెట్లు! పందేనికి ముందు ఎద్దు తోక మెలితిప్పడం లాంటిదే ఇది. ఆట తయారుచేసినవాళ్ళకి తోక సంగతి ఎవరు చెప్పారో!

పక్కనుండి కాచే విద్యకి పేరు తెచ్చింది పచిరిసు అనే ఉడత. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీకి దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ దాన్ని తీసుకొచ్చాడు. దిగ్గజాల మధ్య బుల్లి ఉడత. దాని పని ఫాలో మీ, అంటే తోడుజీవి మీదికొచ్చే దెబ్బని తన మీదికి లాక్కోవడం. తోడుగా ఉన్నది గయరడోస్. నీరూ గాలీ కలిసిన ఆ పెద్ద పాముకి కరెంటు దెబ్బ నాలుగు రెట్లు తగులుతుంది. ఉడతకేమో కరెంటు తగిలితే ఒంట్లోకి ఓపిక వస్తుంది. పాముకి విషమైనది ఉడతకి అన్నం. పార్క్ ఆ ఏడాది విజేత అయ్యాడు. ఎవరి బలహీనతకి ఎవరు తోడుండాలో ఎంచుకోవడంలోనే సగం ఆట అయిపోయిందన్నమాట.

ఇదంతా మేనల్లుడు చెబుతుంటే నా మనసు ఆ ఊరి సంగీత కళాశాల మీదికి పోయింది. విజయనగరం మహారాజావారు 1919లో పెట్టిన కళాశాల అది. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ నేర్పడానికి వచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. కర్ణాటక కచేరీలో వయొలిన్‌ని, మృదంగాన్ని పక్కవాద్యాలంటారు. ఆ 'పక్క' అన్న మాటలో కాస్త చిన్నచూపు వినిపిస్తుంది కానీ, దగ్గర కూర్చుని చూస్తే అక్కడ జరిగేది తక్కువ పని కాదు.

గాయకుడు ఆలాపన ఎత్తుకుంటాడు. వయొలిన్ విద్వాంసుడు వెంట్రుకవాసి వెనకగా అదే దారిలో నడుస్తాడు. ముందుకెళితే దారి మూసినట్టు, మరీ వెనకబడితే కాలికి అడ్డం పడ్డట్టు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఆఖరి స్వరాన్ని పట్టి నిలుపుతాడు. వినేవాడికి పాట తెగినట్టే ఉండదు, గాయకుడికి రెండు క్షణాల విశ్రాంతి దొరుకుతుంది. తర్వాత వయొలిన్ వంతు వస్తుంది. అప్పుడు తన విద్యంతా గుమ్మరించవచ్చు. మంచివాడు గుమ్మరించడు. గాయకుడు తెరిచిన దారిలోనే నాలుగడుగులు వేసి, అతనికి కొత్త ఆలోచన తట్టేలా ఒక సంగతి వదిలి ఆపేస్తాడు. కల్పనస్వరాల్లో ఆ రుచి ఇంకా బాగా తెలుస్తుంది. ఇటు నుంచి వెళ్ళిన స్వరం అటు నుంచి కాస్త పదునెక్కి తిరిగొస్తుంది. గాయకుడు "భేష్" అంటూనే లోపల నడుం బిగిస్తాడు. దూదిపింజ ఎద్దుని రెచ్చగొట్టడం అదే కదా!

మృదంగం చేసే మేలు ఇంకా గుట్టుగా ఉంటుంది. పాట నడకని బట్టి ఒకచోట చెయ్యి తేలిక చేస్తుంది, ఇంకోచోట బిగిస్తుంది. గాయకుడి తాళం ఒక అక్షరం జారితే మృదంగం సమం దగ్గర చిన్నగా ఒత్తి చూపిస్తుంది. గాయకుడు సర్దుకుంటాడు. సభలో ఎవరికీ తెలియదు, తెలిస్తే అది సాయం కాదు.

పల్లెల్లో ఈ పని వంతది. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో జముకుల కథ కట్టినప్పుడు పక్కవాడు అందుకుని పలక్కపోతే కథకుడి గొంతు తెల్లారేదాకా నిలవదు. బుర్రకథలోనైతే హాస్యం చెప్పే వంత కథకుడి మాటకి అడ్డం తగులుతూ, ఎగతాళి చేస్తూ జనాన్ని కథలోకి లాగుతాడు.

ఆటకీ వేదికకీ ఒక తేడా చెప్పకపోతే అన్యాయం. పెద్ద పోకెమాన్ పోటీలో రెండు జీవుల్నీ నడిపేది ఒక్క బుర్రే. ఏది ఎప్పుడు కొడుతుందో రెండోదానికి ముందే తెలుసు. కచేరీలో బుర్రలు వేరు, చాలాసార్లు వేదిక ఎక్కేదాకా ఏం పాడతారో పక్కవాద్యాలకి తెలియదు. సైగలకన్నా చెవులే ఆధారం. చూపు బాగా మందగించిన ద్వారం గారు చెవులతోనే అంత దూరం వచ్చారు. పక్కవాద్యంగా గొప్పవారైన ఆయనే, వయొలిన్‌ని ఒంటరి కచేరీకి నిలబెట్టిన మనిషి కూడా. పక్కన కూర్చోవడం చేతకానితనం కాదని ఇంతకన్నా రుజువేం కావాలి?

పట్రాయని సంగీతరావు గారి సంగతి మేనల్లుడికి చెప్పాను. శ్రీకాకుళం జిల్లా కింతలిలో 1920లో పుట్టారు. తండ్రి సీతారామశాస్త్రి గారు విజయనగరంలో ఘంటసాలకి గురువు. ఆ కుర్రవాడు మద్రాసులో పెద్ద పేరు తెచ్చుకున్నాక, గురువుగారబ్బాయి హార్మోనియం పట్టుకుని ఆయన పక్కన చేరారు. 1974లో ఘంటసాల పోయేదాకా సినిమా సంగీతంలో ఆయనకి సహాయకులు. వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్యనాటకాలకి స్వరాలు కట్టిందీ సంగీతరావు గారే. అక్కడ గొంతు, ఇక్కడ కాళ్ళు, రెండు చోట్లా ఆయనది పక్క స్థానమే.

వాడు చేతిలో ఆట ఆపకుండానే విన్నాడు. "అయితే ఆయన సపోర్టు టైపన్నమాట. లెవెల్ ఎంత మావయ్యా?"

వాళ్ళ ఆటలో ఏ జీవికైనా పైమెట్టు నూరని నాకు అప్పటికి తెలుసు. సంగీతరావు గారు 2021లో పోయారు.

"నూరు" అన్నాను.

వాడు తలెత్తి చూశాడు.